మీ దిక్కు పడుతోందా?

హైదరాబాద్ వాతావరణ కేంద్రం బేగంపేటలో ఉందని జనం అనుకుంటారు. కాగితాల మీద అది నిజమే. కానీ ఈ ఊళ్లో వాన కబురు పుట్టేదీ, బలపడేదీ, తీరం దాటేదీ మన ఫోన్లలోనే. కూకట్‌పల్లిలో మబ్బు పట్టగానే దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న బావకు ఫోన్ పోతుంది. "ఏం బావా, మీ దిక్కు పడుతోందా?" నైరుతి రుతుపవనాలు అధికారికంగా ఎప్పుడొచ్చినా, అసలు వర్షాకాలం మొదలయ్యేది ఈ ప్రశ్నతోనే.

దీన్ని ఊసుపోక అడిగే ప్రశ్న అనుకునేవాళ్లకు సైన్స్ తెలియదు. ఎండకు కాగిన గాలి తేమతో పైకి లేచి క్యుములోనింబస్ మబ్బు కట్టిందంటే, కొన్ని కిలోమీటర్ల మేర కుమ్మరించేసి తన దారిన తను పోతుంది. మాదాపూర్‌లో బైకులు మునుగుతుంటే మలక్‌పేటలో డాబా మీది బట్టలు నిక్షేపంగా ఆరుతుంటాయి. కాబట్టి ప్రశ్నలో శాస్త్రం ఉంది. జవాబులోనే లేదు. "మా దిక్కు చినుకు కూడా లేదు" అని ఒప్పుకోవడానికి ఇక్కడ ఎవరికీ మనసొప్పదు మరి. "ఇప్పుడే ఆగింది" అంటారు. "మబ్బు మాత్రం మామూలుగా లేదు" అంటారు. మరీ ఎండ కాస్తుంటే "మాకు రాత్రికి ఉంది" అని ధీమాగా చెప్తారు.

ఒకప్పుడు ఈ పోటీలో న్యాయం ఉండేది కాదు. బేగంపేటలో ఎంత పడితే ఊరంతటికీ అదే లెక్క. ఉప్పల్ వాళ్లు నిలువెల్లా తడిసినా రికార్డులకెక్కేది బేగంపేట తడే. ఇప్పుడు పేటపేటకూ ఆటోమేటిక్ వర్షమాపకాలు వచ్చాయి. రాత్రి అయ్యేసరికి ఎక్కడెంత పడిందో జాబితా వాట్సాప్‌లో ఇంటర్ ర్యాంకుల్లా వచ్చేస్తుంది, మిల్లీమీటర్లలో, దశాంశాలతో సహా. మొదటి పదిలో తమ ఏరియా కనపడకపోతే కొందరు పెద్దమనుషులకు ఆ రాత్రి అన్నం సయించదు. మా కింది ఫ్లాటు అంకుల్‌కైతే తమ ఏరియా మెషీన్‌ను ఎవరో కావాలనే చెట్టు కింద పెట్టించారని గట్టి అనుమానం.

పాత వానల దగ్గరికొస్తే పోటీ ఇంకా ముదురుతుంది. లిఫ్ట్ దగ్గర ఓ కుర్రాడు 2020 అక్టోబర్ 13 ఎత్తుతాడు. కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం నేరుగా మన మీదికొచ్చింది, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది, కాలనీల్లో పడవలు తిరిగాయి. రిటైరైన అంకుల్ చిన్నగా నవ్వుతాడు. "బేగంపేటలో ఎంత పడింది బాబూ?" 19 అంటాడు కుర్రాడు. "మాకు 2000లో, ఆగస్టు 24న, అదే బేగంపేటలో 24." అయిదు సెంటీమీటర్ల తేడాతో ఒక తరం గెలిచి, ఇంకో తరం తల వంచుకుంటుంది. అంతలో మూడో అంతస్తు పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వస్తాడు. "1908 సెప్టెంబర్ 28. మూసీ." అంతే, అందరి నోళ్లూ మూతపడతాయి. వేలమందిని మింగిన వరద అది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. దాని ముందు ఎవరు మాత్రం ఏ సెంటీమీటర్లు తీస్తారు?

ఆ వరద తర్వాత జరిగినదాన్నే నేటి దృష్టితో అర్థం చేసుకోవడం కష్టం. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వచ్చి, ఏ బావకూ ఫోన్ చేయకుండా, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూసి, పైన రిజర్వాయర్లు కట్టమని రాసిచ్చాడు. వాళ్లు కట్టేశారు కూడా! గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. మాటలు తగ్గించి పని చేసే దురలవాటు అప్పట్లో ఉండేదన్నమాట. మనం దాన్ని మాన్పించుకున్నాం. ఇప్పుడు ఆ రిజర్వాయర్ల గేట్లెత్తారని తెలియగానే చేసే పని ఒక్కటే, పిల్లల్ని కారెక్కించుకుని చూసి రావడం.

వాన మాటల అసలు విశ్వవిద్యాలయం మాత్రం ఫ్లైఓవర్ కింద ఉంది. నాలుగు చినుకులు పడగానే బైకులన్నీ దాని కిందికి చేరి సగం రోడ్డు మూసేస్తాయి. మిగతా సగంలో కార్లు హారన్లు కొడుతుంటాయి. ఎక్కణ్నుంచి ఊడిపడతాడో గానీ రెండు నిమిషాల్లో రెయిన్‌కోట్లు అమ్మే అతను ప్రత్యక్షమవుతాడు. బేరం కుదిరేలోగా వాన తగ్గుతుంది, కొనేశాక ఆగిపోతుంది. మొన్న అక్కడ విన్న సంభాషణ ఇది:

"అన్నా, అమీర్‌పేట దిక్కు ఎట్లుంది?"

"అటు పోకు తమ్మీ. మైత్రివనం కాడ మొత్తం చెరువే."

"పంజాగుట్ట మీదికెల్లి పోతే?"

"అది ఇంకా ఘోరం. బండి ఆగిపోతది."

"మరి నువ్వెటు పోతున్నవే?"

"పంజాగుట్టకే."

ఇందులో వెటకారం లేదు. ఆ అన్న చెప్పిందంతా నిజం, పోయేదీ నిజం. సమాచారం వేరు, ప్రయాణం వేరు అన్న తేడా హైదరాబాదీకి బాగా తెలుసు. ఐటీ వాళ్లకు ఈ తత్త్వం కాస్త ఆలస్యంగా బోధపడింది. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఆఫీసుల నుంచి అందరూ ఒక్కసారి రోడ్డెక్కకుండా దశలవారీగా లాగౌట్ కమ్మన్నారు, కొందరు మూడింటికి, కొందరు నాలుగున్నరకు. ఆలోచన మంచిదే. కానీ మూడింటికి బయల్దేరినవాళ్లు కదల్లేక అక్కడే ఉంటే నాలుగున్నర వాళ్లు వచ్చి పలకరించడం మన రోడ్లకు కొత్తేం కాదు.

ఇక తుఫాన్ల సంగతి. సముద్రం మనకు దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. ఊరు చూస్తే అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున, దక్కన్ బండల మీద కూర్చుంది. అయినా బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మొజాంజాహీ మార్కెట్ దగ్గర పడవలు కట్టేసి వచ్చినవాళ్లలా "తీరం దాటిందా, తీరం దాటిందా" అని ఆరా తీస్తాం. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజు మాకు ముసురు పట్టింది, అంతే. మా ఆఫీసులో బాపట్ల వైపు కుర్రాడొకడికి ఇంటి నుంచి ఫోన్. "మాకేముందిలే నాన్నా, కొబ్బరిచెట్టు ప్రహరీ మీద పడింది, కరెంటు లేదు. మీకక్కడ వానంటగా, స్వెట్టర్ వేసుకున్నావా?" వాడు కిటికీలోంచి తుంపరను చూస్తూ బరువుగా నిట్టూర్చాడు. "చాలా టెన్షన్‌గా ఉందమ్మా." చేతిలో మిర్చి బజ్జీ ఉంది.

పసుపు, నారింజ, ఎరుపు అలర్టుల గురించి ఎక్కువ రాయను. బడికి సెలవిస్తారా లేదా అన్నదే అందులో ప్రజలకు కావలసిన భాగం. సెలవిచ్చిన రోజున ఎండ కాయడం కూడా మామూలే.

కానీ కొలతల విషయంలో వాతావరణ శాఖ వాళ్ల మొండితనం గురించి రాయక తప్పదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేగానీ దాన్ని భారీ వర్షం అనరట. గంటలో 100 మిల్లీమీటర్లు పడితేగానీ క్లౌడ్ బరస్ట్ కాదట. సామాన్యుడు ఇంత కాలిక్యులేటర్ పట్టుకుని తడవగలడా? మన లెక్క సులువు. పక్కింటాయన తడిస్తే జల్లు. నేను తడిస్తే భారీ. నా కారు తడిస్తే క్లౌడ్ బరస్ట్. గత నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చినప్పుడు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ఈ లెక్కనే పాటించి, టార్చిలైటు వెలుగులో, ముక్తకంఠంతో, క్లౌడ్ బరస్ట్ ప్రకటించారు.

ఆ వెంటనే బాధ్యులెవరన్న చర్చ జరిగింది. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఏమీ కట్టకూడని జాగా), నాలా వెడల్పు, హైడ్రా (చెరువుల, నాలాల కబ్జాలు కూల్చే సర్కారు సంస్థ), అన్నీ వచ్చాయి. 2024లో హైడ్రా వచ్చినప్పటి నుంచి మా వాచ్‌మన్ కూడా ఎఫ్‌టీఎల్ అనే మాట తడబడకుండా అంటున్నాడు. చివరికి తేలిందేమిటంటే కబ్జా పై కాలనీ వాళ్లది. పై కాలనీలో తేలిందేమిటంటే ఇంకా పై వాళ్లది. నీళ్లు పల్లానికి పోతే నింద మిట్టకు పోతుంది. మా కాంపౌండ్ గోడ నాలా వైపు ఆరడుగులు ఎందుకు జరిగిందని సెకండ్ ఫ్లోర్ అమ్మాయి అడిగింది గానీ, అది వాస్తు విషయమని పెద్దలు సర్దిచెప్పారు.

మోటార్ పెట్టి నీళ్లు రోడ్డు మీదికి తోడాం. అవి ఎదురు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాయి. వాళ్లు మోటార్ పెట్టి రోడ్డు మీదికి తోడారు. అవి మళ్లీ మా సెల్లార్‌లోకే, ఈసారి వాళ్ల చెప్పుల జత ఒకటి వెంటేసుకుని వచ్చాయి. ఇలా నాలుగు గంటలసేపు ఆ నీళ్లే రోడ్డు దాటుతూ ఉన్నాయి. తొమ్మిదింటికి అసోసియేషన్ అత్యవసరంగా సమావేశమైంది. ఇప్పటికి మోటార్ ఆపేసి, ఎదుటివాళ్లు పడుకున్నాక, సరిగ్గా పదకొండున్నరకు, చప్పుడు చేయకుండా తోడాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

పదకొండున్నరకు రెండు మోటార్లూ ఒకేసారి స్టార్ట్ అయ్యాయి.