ల్యాబ్ తలుపులు తెరిస్తే చాలదు

ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసి, ప్రాజెక్టుకు నాలుగు క్రెడిట్లు కేటాయించేస్తే విద్యార్థి గట్టెక్కినట్టేనని చాలా విశ్వవిద్యాలయాలు నమ్ముతున్నాయి. అందులో నిజం సగమే.

చేసి నేర్చుకుంటే మేలన్నది తేలిపోయిన విషయం. డిగ్రీ స్థాయి సైన్సు, ఇంజినీరింగ్, గణిత తరగతులపై వచ్చిన 225 అధ్యయనాలను 2014లో అమెరికా పరిశోధకులు ఒక్కచోట చేర్చి చూశారు. ఉపన్యాసం వింటూ కూర్చున్న తరగతుల్లో దాదాపు 34 శాతం మంది తప్పారు. విద్యార్థులే చర్చించి, లెక్కలు కట్టిన తరగతుల్లో తప్పినవారు 22 శాతం.

ఇంత తేడా ఉన్నా ఉపన్యాసం ఎందుకు కదలడం లేదు? హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతులపై 2019లో వెలువడిన అధ్యయనంలో ఓ జవాబుంది. అక్కడ అదే విద్యార్థులకు ఒక అంశాన్ని ఉపన్యాసంగా, ఇంకో అంశాన్ని స్వయంగా చేయించి నేర్పారు. చేసి నేర్చుకున్న దాంట్లోనే మార్కులు ఎక్కువొచ్చాయి. 'బాగా అర్థమైంది' అని వాళ్లు చెప్పింది మాత్రం ఉపన్యాసం గురించి! సాఫీగా సాగే పాఠం వింటుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. లెక్క మధ్యలో ఇరుక్కున్నవాళ్లకు తామే మొద్దులమేమో అనిపిస్తుంది. ఆ ఇరుక్కోవడం చదువులో భాగమేనని ముందే చెప్పేవారేరీ? కోర్సు మొదట్లోనే ఈ సంగతి విడమరచాలని ఆ పరిశోధకులే సూచించారు. పైగా విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌తోనే అధ్యాపకులను తూచే చోట, కష్టపెట్టి నేర్పేవారికి నష్టమే. నన్నడిగితే ముందు మార్చాల్సింది ల్యాబ్‌ను కాదు, ఆ ఫీడ్‌బ్యాక్ ఫారాన్ని.

రెండో చిక్కు సమయం. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 1906లోనే కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు జీతంతో కొలువు అనే 'కో-ఆప్' పద్ధతి పెట్టారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఆ పద్ధతితోనే మొదలైంది. అమెరికాలోని ఎంఐటీలో 1969 నుంచి డిగ్రీ విద్యార్థులు ఆచార్యుల పరిశోధనలో పాలుపంచుకుంటే క్రెడిట్లో, డబ్బులో ఇస్తున్నారు. పనిని టైమ్‌టేబుల్లో, జేబులో లెక్కగట్టడమే ఇక్కడి కీలకం. జీతంలేని ఇంటర్న్‌షిప్ ఇంటి నుంచి డబ్బందే పిల్లలకే అందుతుంది. సాయంత్రం పనికెళ్లి ఫీజు కట్టుకునేవాళ్లకు అది దూరపు కొండే.

అసలు చదువు మానేసేవాళ్లంతా పాఠం అర్థంకాకే మానేస్తున్నారా? అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం అనుభవం చూస్తే కాదనే అనిపిస్తుంది. 2012 నుంచి అక్కడ 800కు పైగా సంకేతాలతో విద్యార్థుల తడబాటును కంప్యూటర్ కనిపెడుతోంది. దాంతోపాటు, చిన్నపాటి ఫీజు బకాయితో పేరు తొలగిపోయే దశలో ఉన్నవారికి చిన్న గ్రాంట్లు ఇచ్చి నిలబెడుతున్నారు. ఈ పద్ధతిని చూసి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం తేలికే. జార్జియా స్టేట్ మాత్రం సలహాదారుల సంఖ్య కూడా పెంచింది. ఎర్రదీపం వెలిగాక ఆ విద్యార్థికి ఫోన్ చేయాల్సింది వాళ్లే మరి.