ఫిజిక్స్ క్లబ్ రిజిస్టరు గారికి, సంతకాలు రాయు ఉత్తరం

మహారాజశ్రీ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ క్లబ్ కార్యక్రమాల రిజిస్టరు గారికి, మీ పేజీల్లో సంతకాలుగా బతుకుతున్న విద్యార్థులు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. స్టాఫ్ రూమ్ బీరువాలో, పాత ప్రాక్టికల్ రికార్డుల కింద మీరూ క్షేమమని తలుస్తాము.

మాది చిన్న కాలేజీ. క్లబ్బులకు మాత్రం లోటు లేదు. ఫిజిక్స్ క్లబ్, మ్యాథ్స్ క్లబ్, ఎకో క్లబ్, కన్స్యూమర్ క్లబ్, ఎయిడ్స్ మీద అవగాహనకు రెడ్ రిబ్బన్ క్లబ్ ఉన్నాయి. అన్నింట్లో తిరిగేది ఆ ఇరవై మందే. రెడ్ రిబ్బన్ ర్యాలీలో ప్లకార్డు మోసిన చేతులే ఎకో క్లబ్ రోజున మొక్క పట్టుకుంటాయి. గుంత కూడా కిందటేడాదిదే. మొక్క ఒక్కటే కొత్తది.

ఇందరు ఉన్నా ఫిజిక్స్ క్లబ్బులో నిజంగా చురుకైన సభ్యులు ఎవరంటే మీరే. మేము మధ్యాహ్నం మూడున్నర బస్సు అందుకోవాలి. అది తప్పితే మా ఊరికి మళ్లీ ఆరింటికే. మీకు ఆ బాధ లేదు. కాలేజీ నాణ్యత మీద ఏటా పంపాల్సిన నివేదిక, అదే ఏక్యూఏఆర్, గడువు దగ్గరపడిందంటే రాత్రి ఎనిమిదింటికీ దాన్ని తయారుచేసే ఐక్యూఏసీ గదిలో తెరుచుకునే ఉంటారు. సెప్టెంబరు 16 ఓజోన్ దినోత్సవం, డిసెంబరు 22 గణిత దినోత్సవం (మ్యాథ్స్ వాళ్లతో కలిసి, ఫ్లెక్సీ ఖర్చు చెరిసగం), ఫిబ్రవరి 28 సైన్స్ డే అన్నీ ఆ ఒక్క వారంలోనే జరుపుకుంటారు. ఏడాది పొడవునా జరిగినట్టు కనిపించడానికి నీలం పెన్ను, నల్ల పెన్ను, జెల్ పెన్ను మార్చి మార్చి రాస్తారు. అయినా నలభై మూడు సంతకాల్లో 'ర' అక్షరం ఒకేలా కుడివైపు వాలి ఉంటుంది. కాలేజీల నాణ్యత తేల్చే న్యాక్ వాళ్లు అక్షరాల వాలు చూడరులెండి, సంఖ్య చూస్తారు.

మీలో ఒక్కో కార్యక్రమానికి రెండు పేజీలు. సర్క్యులరు, హాజరు, రెండు ఫోటోలు, విజేతల పేర్లు, చివర్లో 'ఈ కార్యక్రమం ద్వారా విద్యార్థులలో శాస్త్రీయ దృక్పథం పెంపొందినది' అన్న వాక్యం. ఈ చివరి వాక్యమే అన్నిటికంటే ముందు రాస్తారని మాకు తెలుసు.

ఫోటో సంగతి మాత్రం కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే క్లబ్బులో మేము నిజంగా నేర్చుకున్న సైన్సు అదే. పద్నాలుగు మందిని నలభై మందిలా చూపించాలంటే ముందు మూడు వరసల్లో ఒకరి భుజం వెనక ఒకరి తల వచ్చేట్టు మెట్లుమెట్లుగా కూర్చోబెట్టాలి. కెమెరాను మూలన నిలబెట్టి ఏటవాలుగా తీయాలి. ఎదురుగా తీస్తే ఖాళీ కుర్చీలు పళ్లికిలిస్తాయి. ఫోటో మీద అక్షాంశం, రేఖాంశం, తేదీ (జియోట్యాగ్ అంటారు) పడాలి కాబట్టి జీపీఎస్ మ్యాప్ కెమెరా వాడాలి. స్లాబు కింద సెమినార్ హాల్లో ఉపగ్రహాల సిగ్నలు సరిగా అందదు. అప్పుడు ఫోను ఇంతకుముందు తనకు తెలిసిన చోటునే అచ్చేస్తుంది. సైన్స్ డే ఉపన్యాసం కింద 'ఆర్టీసీ బస్టాండు' అని పడేది అందుకే. విరుగుడేమిటంటే, ముందు వరండాలోకి వెళ్లి ఒక నిమిషం నిలబడి, చోటు కుదిరాక లోపలికొచ్చి నొక్కడం. మీ పేజీల్లో ఉన్న ఏకైక ప్రయోగం ఇదే, దీనికి ఫలితం కూడా వచ్చింది.

ఇక ఫిబ్రవరి 28. 1928లో సి.వి. రామన్ తన ఫలితాన్ని పట్టుకున్న రోజు. 1987 నుంచి దేశమంతా జరుపుతున్న పండుగ. ఆయన నాన్నగారు విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు, ఆయన చిన్నప్పటి చదువూ ఆ ఊళ్లోనే. అంటే మనకు చుట్టరికం ఉన్నట్టే. మనం చేసేదేమిటి? పటానికి దండ, అతిథికి శాలువా, గంట ఉపన్యాసం, ముగ్గుల పోటీ. ముగ్గులో ఏటా బోర్ పరమాణువే వేస్తారు, పాపం అది రామన్‌ది కాకపోయినా. క్విజ్‌లో నోబెల్ ఏ సంవత్సరం అని అడుగుతారు, 1930 అని మేమందరం చెబుతాం. ఆయన చూసిందేమిటని ఎవరూ అడగరు. ఒకే రంగు వెలుగును ద్రవంలోకి పంపితే చెదిరిన వెలుగులో చాలా భాగం అదే రంగులో వస్తుందనీ, ఏ కాస్తో రంగు మారి వస్తుందనీ, అది కొత్త గీతలుగా కనిపిస్తుందనీ చెప్పడానికి నాలుగు ఆప్షన్లు చాలవు.

వెలుగులో గీతలంటే ఏమిటో చూడాలంటే శాలువా అక్కర్లేదు, చెప్పుల అట్టపెట్టె చాలు. ఒక చివర షేవింగ్ బ్లేడును రెండు ముక్కలు చేసి, పదునులు ఎదురెదురుగా, పోస్టుకార్డు మందమంత సందుతో అడ్డంగా అంటించాలి. రెండో చివర పాత సీడీ ముక్కను దాదాపు 60 డిగ్రీల వాలులో, మెరిసే వైపు సందును చూసేట్టు పెట్టాలి. దాని పైన మూతకు కన్ను పట్టేంత బెజ్జం. మిల్లీమీటరుకు 625 దాకా ఉండే సీడీ గాడులే వెలుగును రంగులుగా విడదీస్తాయి. గాడులు సందుకు సమాంతరంగా లేకపోతే గీతలు ఒరిగిపోతాయి. సందు వెడల్పయితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పెట్టె మూలల్లోంచి వెలుగు దూరితే ఏమీ కనపడదు, నల్ల టేపు వెయ్యాలి. దీంతో రామన్ ఫలితం కనపడదు, అది మరీ మందమైన వెలుగు. కానీ పాత బల్బు వైపు తిప్పితే తెగని రంగుల పట్టీ కనిపిస్తుంది. పాత ట్యూబ్‌లైటు వైపు తిప్పితే పట్టీ మధ్య ఆకుపచ్చ గీత ఒకటి, నీలి గీత ఒకటి విడిగా నిలబడతాయి. అవి పాదరసానివి. రామన్ వాడిన దీపమూ పాదరసానిదే.

పోయిన సైన్స్ డే నాడు సెమినార్ హాల్లో వందన సమర్పణ జరుగుతుంటే, బయట కారిడార్లో ముగ్గురు ఆ పెట్టెను వంతులవారీగా కంటికి పెట్టుకుని 'పచ్చది కనపడిందా' అని ఒకరినొకరు అడుగుతున్నారు. మీలో వాళ్లు వరుస సంఖ్య 9, 17, 22. 'ఉపన్యాసం శ్రద్ధగా ఆలకించిరి' అని వాళ్ల గురించి మీరు రాసుకున్నారు. బ్యానరు లేదు, అతిథి లేడు, జియోట్యాగ్ లేదు, మీరు మాత్రం ఏం చేస్తారు. ఆ పేజీ మాకొద్దు, మీరే ఉంచుకోండి.

మనవి ఒకటే. కాలేజీ అంతా ఎల్ఈడీలు పెట్టేశారు. వాటిలో ఆ గీతలు కనపడవు, నీలం ఎక్కువైన పట్టీ ఒకటే. కారిడార్లో స్టోర్ రూమ్ ఎదుట పాత ట్యూబ్‌లైటు ఇంకొక్కటే మిగిలింది, దాన్నీ ఎండాకాలం సెలవుల్లో పీకేస్తారట. మీ మాట ఆఫీసులో చెల్లుతుంది కదా, దాని జోలికి పోవద్దని ఒక ముక్క రాయించగలరు. స్టార్టరు మేము కొనుక్కుంటాం.

ఇట్లు,
వరుస సంఖ్య 1 నుంచి 14 వరకు
(హాజరైన మిగతా ఇరవై తొమ్మిది మంది తరఫున కూడా మేమే)