ప్రమోషన్ ఫైల్లో పల్లెకు ఎన్ని పాయింట్లు?

విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే అసోసియేట్ ప్రొఫెసర్ ఒకరు ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టుకుంటున్నారనుకుందాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ, ఆ హోదాలో మూడేళ్ల సర్వీసు, కనీసం 10 పరిశోధన పత్రాలు, 110 రీసెర్చ్ స్కోరు ఉండాలి. మేనేజ్‌మెంట్‌లో ఒక్కో పత్రానికి 10 పాయింట్లు. జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (అందులోని పత్రాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) ఉంటే ఇంకొన్ని కలుస్తాయి. తన దగ్గర పరిశోధన చేసిన విద్యార్థికి పీహెచ్‌డీ పట్టా వస్తే 10, దేశీయ పేటెంటుకు 7, రాష్ట్ర ప్రభుత్వానికి విధాన పత్రం రాసిస్తే 4. ఈ పట్టికను పైనుంచి కిందిదాకా ఎన్నిసార్లు చదివినా ఒక చేనేత ఊరితో పదేళ్లు కలిసి పనిచేసినందుకు దక్కేది సున్నా.

సామాజిక సేవ ఊసు అసలే లేదని కాదు. అది ఇంకో పట్టికలో ఉంది. అక్కడ ఏడు రకాల పనులు రాసి, మూడింటిలో పాలుపంచుకుంటే 'గుడ్' అన్నారు. ఆ ఏడింటిలో ఒక వరుసలో స్టూడెంట్ క్లబ్బులు, కెరీర్ కౌన్సెలింగ్, స్టడీ టూర్లు, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌ల పక్కన సామాజిక సేవనూ ఇరికించారు. విభాగాధిపతిగా చేసి, పరీక్షల డ్యూటీ వేయించుకుని, ఒక సెమినార్ జరిపిస్తే మూడూ అయిపోయినట్టే. క్యాంపస్ గేటు దాటనక్కర్లేదు.

ప్రైవేటు బీ-స్కూళ్లకు వర్తించే సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2019 నిబంధనలు కొంత నయం. అక్కడి 360 డిగ్రీల మదింపులో సమాజానికి చేసిన సేవకు 100లో 10 కేటాయించారు. చిక్కంతా లెక్కించే తీరులో ఉంది. ఒక పూట రక్తదాన శిబిరమైనా, ఏడాది పొడవునా సాగే గ్రామ సర్వే అయినా ఆ పదిలోకే రావాలి. అందుకే మన కాలేజీల్లో సామాజిక సేవ అంటే ఫ్లెక్సీ, సంతకాల షీటు, జియో ట్యాగ్ ఫొటో, మర్నాటి జిల్లా ఎడిషన్ కటింగ్. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఫైలు తెరిస్తే అన్నీ ఉంటాయి. ఆ ఊరికి రెండోసారి వెళ్లారా అన్న కాలమ్ మాత్రం ఉండదు.

ఈ లెక్కలతో చూస్తే మన దేశ మేనేజ్‌మెంట్ విద్యలో ఎన్నదగిన ఇద్దరు ప్రొఫెసర్ల కెరీర్లు ఎటూ అర్థం కావు. మొదటివారు రవి మత్తాయ్. కంపెనీ ఉద్యోగం నుంచి బోధనకు వచ్చి, 1965లో అహ్మదాబాద్ ఐఐఎంకు తొలి పూర్తికాలపు డైరెక్టర్ అయ్యారు. 1972లో తనంతట తానే ఆ కుర్చీ దిగి, అదే సంస్థలో మామూలు ప్రొఫెసర్‌గా కొనసాగారు. ఆ తర్వాత 1975లో రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా జవాజా బ్లాకుకు వెళ్లారు. సుమారు 200 ఊళ్లు, 80 వేల జనాభా, తరచూ కరువు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వాళ్లను వెంటబెట్టుకుని, సేద్యం ఆదుకోని చోట జనం చేతుల్లో ఇంకే పని ఉందో వెతికారు. తోలు పని, నేత కనిపించాయి. సరుకు ఎవరికి అమ్మాలి, ధర ఎలా కట్టాలి, వడ్డీ వ్యాపారి మీద ఆధారపడకుండా ముడిసరుకు ఎలా కొనాలి అన్నవి అక్కడి పాఠాలు. ఎంబీఏ సిలబస్‌లో ఉన్న మార్కెటింగ్, కాస్టింగ్, వర్కింగ్ క్యాపిటల్ అవే కదా! తేడా ఏమిటంటే ఇక్కడ కేసు స్టడీలోని మనుషులు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. బయటి నిపుణులు ఏదో ఒకనాడు తప్పుకోవాలన్నది మొదటినుంచీ ఆ ప్రయోగంలో భాగం. నా దృష్టిలో జవాజా నుంచి నేర్చుకోవలసింది ముందుగా ఇదే. తప్పుకునే ఆలోచన లేకుండా ఊళ్లోకి వెళ్లిన ప్రాజెక్టు నిధులు ఆగిన నెలలోనే ఆగిపోతుంది.

రెండోవారు అనిల్ గుప్తా. 1981లో అదే ఐఐఎంలో చేరారు. ఎనభైల నడుమ బంగ్లాదేశ్ వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసి వచ్చాక ఆయన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. రైతుల దగ్గర తెలుసుకున్నది ఇంగ్లిష్‌లో రాసి తాను పేరూ జీతమూ పొందుతున్నారు, మరి చెప్పిన రైతుకు ఏం ముట్టింది? అందులోంచి పుట్టిందే హనీబీ నెట్‌వర్క్, ఊళ్లలోని జ్ఞానాన్ని, కొత్త ఆవిష్కరణలను వెతికి నమోదు చేసే వేదిక. తేనెటీగ తేనె తీసుకున్నందుకు పువ్వు పేదదైపోదు, పైగా ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరుతుంది. దీన్ని ఆయన పని నియమాలుగా మార్చారు. చెప్పినవారి పేరు, ఊరు రాయాలి. తెలుసుకున్నది వాళ్ల భాషలో వాళ్లకు తిరిగి చేరాలి. డబ్బు వస్తే వాటా ఇవ్వాలి. 1993లో సృష్టి అనే సంస్థ, 2000లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ అండతో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వచ్చాయి. 1998 నుంచి శోధ్ యాత్రలు సాగాయి. ఊరూరా కాలినడకన వెళ్లి, చెట్లూ మొక్కల మీద పిల్లలకు, వంటల మీద ఆడవాళ్లకు పోటీలు పెట్టి, కొత్త పనిముట్టు చేసినవారిని వాళ్ల గడప ముందే సన్మానించడం ఈ యాత్రల పద్ధతి. ఐఐఎం విద్యార్థులకు అదొక కోర్సు కూడా. 2004లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ దారం మన దాకా వచ్చింది. రిటైర్డ్ బ్రిగేడియర్ గణేశం నడిపే పల్లె సృజన హైదరాబాద్ కేంద్రంగా అదే పద్ధతిలో చిన్న శోధ్ యాత్రలు చేస్తూ, తెలుగులో పత్రిక వేస్తోంది. దాని ద్వారా వెలుగులోకి వచ్చినవారిలో ఆలేరు దగ్గరి శారాజీపేట చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం ఒకరు. పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దేముందు నూలును అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ తిప్పాలి. అదే ఆసు. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేలసార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999కి పూర్తయింది. గంటల తరబడి సాగే ఆసు గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇక్కడ లెక్క సరిగ్గా చూసుకోవాలి. యంత్రం చేసింది ప్రొఫెసర్లు కాదు. అది తయారయ్యాకే బయటివాళ్లు ఆ గుమ్మం తొక్కారు. ప్రొఫెసర్ల పాత్ర పేరు నమోదు చేయడం, పేటెంటు కాగితాలు నడపడం, పెట్టుబడికి దారి చూపడం. చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ తోడ్పాటుతో 2003లో మొదలైన చిన్న నిధి నుంచి ఇలాంటివారికి తాకట్టు లేకుండా డబ్బు ఇచ్చారు. ఆకర్షణ లేని పనులివి. కానీ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్‌కు చేతనైన పనులు సరిగ్గా ఇవే.

తెలియక దిగితే మేలు కన్నా కీడే ఎక్కువ జరిగే చోటు కూడా ఇదే. ఊళ్లో ఎవరో కొత్త కలుపు తీసే పనిముట్టు చేశారని ఉత్సాహంగా వీడియో తీసి నెట్‌లో పెట్టేస్తారు. దరఖాస్తుకు ముందే నలుగురికీ తెలిసిపోయిన వస్తువుకు కొత్తదనం పోయినట్టే, పేటెంటు చేజారుతుంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలు, విద్వత్సభలో చదివిన పత్రం వంటి కొద్ది సందర్భాల్లోనే 12 నెలల వెసులుబాటు ఉంది. కాబట్టి ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు, తర్వాతే కెమెరా. ప్రొవిజనల్ పడ్డాక పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు గడువు, దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. తాతల నాటి పసరు వైద్యమైతే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(పి) అడ్డొస్తుంది, సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదు. రైతు నిలబెట్టుకున్న విత్తనమైతే దారి వేరు, మొక్కల రకాలు, రైతుల హక్కుల రక్షణకు చేసిన 2001 చట్టం కింద రైతు రకంగా నమోదు చేయించాలి. వీటన్నిటికన్నా ముందు, ఏం రాస్తున్నామో, ఎవరికి చూపిస్తామో చెప్పి, తెలుగులో చదివి వినిపించి, సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. సగం ప్రాజెక్టుల్లో ఆ పత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, వేలిముద్ర కింద పడుతుంది!

ఇక యూజీసీ పట్టికలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మెలిక ఒకటి. ఇద్దరు రాసిన పత్రానికి చెరో 70 శాతం పాయింట్లు. ముగ్గురైతే ప్రధాన రచయితకు 70, మిగతా ఇద్దరికీ తలా 30 శాతం. ఇద్దరు ప్రొఫెసర్లు ఆసు మీద 10 పాయింట్ల పత్రం రాస్తే ఇద్దరికీ 7 చొప్పున వస్తాయి. సమాచారమంతా ఇచ్చిన నేతగాడి పేరు మూడో రచయితగా చేర్చారా, రెండో ప్రొఫెసర్‌కు 7 కాస్తా 3 అవుతుంది. హనీబీ మొదటి నియమం పేరు రాయమంటుంది, పట్టిక అలా రాసినందుకు జరిమానా వేస్తుంది. నేతగాడు చివర్లో కృతజ్ఞతల్లోకి జారిపోతే ఆశ్చర్యమేముంది?

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఈ పాయింట్ల పద్ధతినే పక్కనపెట్టాలని ప్రతిపాదించింది. తొమ్మిది రంగాల్లో కనీసం నాలుగింట చెప్పుకోదగ్గ పని చూపాలి. వాటిలో సామాజిక సేవ ఒకటి, భారతీయ భాషల్లో బోధన మరొకటి. ముసాయిదా మీద రచ్చంతా వైస్ చాన్సలర్లను ఎవరు నియమించాలన్న దాని చుట్టూ తిరిగింది. ఈ తొమ్మిదింటి సంగతి మరుగున పడింది. 'చెప్పుకోదగ్గ' అంటే ఏమిటో తేల్చకపోతే ఫ్లెక్సీ ఫొటోలే కొత్త కవరులో వస్తాయి. సెలక్షన్ కమిటీ ఏం అడగాలో తేల్చడం కష్టమేమీ కాదు. ఆ ఊరికి మొదటిసారి ఎప్పుడు వెళ్లారు, చివరిసారి ఎప్పుడు? నివేదిక తెలుగులో ఊరికి చేరిందా, గ్రామసభలో చదివారా? పత్రాల్లో ఊరివాళ్ల పేర్లు ఎక్కడున్నాయి, రచయితల్లోనా, కృతజ్ఞతల్లోనా? మీరు వెళ్లడం మానేశాక ఆ పని ఎవరు చేస్తున్నారు? చివరి ప్రశ్నకు జవాబు దరఖాస్తుదారుణ్ని కాకుండా ఊళ్లోవాళ్లనే ఫోన్ చేసి అడగాలి. దరఖాస్తు ఫారంలో దానికి ఒక్క గడి చాలు.