పెండ పెట్టని ఆవమ్మకు

మా అంగన్‌వాడి సెంటర్ల, కిటికి పక్క చెక్క అలమారల కాపురం పెట్టిన మచ్చల ఆవమ్మకు టీచరమ్మ శనార్థులు.

నువ్వు మా కాడికొచ్చి మూడు నెలలైంది. అమెరికాల ఉండి వచ్చినోళ్లు ఒకలు, పిల్లలు పెద్దగైండ్రని ఇల్లు సర్దుకుంట, నిన్నూ నీ తోటి జీవాలనూ గోనె సంచిల ఏసి తెచ్చిచ్చిండ్రు. మొత్తం పదకొండు బొమ్మల పుస్తకాలు. అన్నిట్ల అదే ఎర్ర కొట్టం, అదే గడ్డి టోపి రైతు, అదే స్నానం చేసొచ్చిన గులాబి పంది. నువ్వైతే పదకొండిట్ల తొమ్మిదిట్ల ఉన్నవు. ఎలక్షన్లప్పుడు మా అచ్చంపేట దిక్కు ఫ్లెక్సీలల్ల సుత ఒకటే మొఖం అన్నిసార్లు కనవడదు.

మంచిదే, పిల్లలు నవ్వుతుండ్రు. నవ్వే పుస్తకం మా సెంటర్‌కు ఇంతకుముందు రాలే. కానీ నవ్వు ఆగినంక వాళ్లకు నీ మీద అనుమానాలు మొదలైనయి. మూడేండ్లు, నాలుగేండ్లోళ్ల అనుమానాలే గదా అని తీసిపారెయ్యకు. వీళ్లు పుస్తకం కంటె ముందు కొట్టం చూసినోళ్లు. నడక రాకముందే దూడ తోక పట్టుకొని లేచి నిలవడ్డోళ్లు.

ముందు నీ పండ్ల సంగతి. అట్ట మీద నువ్వు నోరంత తెరిసి నవ్వుతున్నవు, పైవరుస కిందివరుస తెల్లగ మెరుస్తున్నయి. తండా నుంచి వచ్చే ఒక పిలగాడున్నడు, వాళ్ల నాయిన ఎడ్ల బేరాలు చేస్తడు. వాడు నీ నోట్ల వేలు పెట్టి "టీచర్, దీనికి పైన పండ్లున్నయి" అన్నడు. ఉంటే ఏమైంది అన్న. "ఉండయి" అన్నడు. అంతే, ఇంక మాట్లాడలే. నేను సుత ఆవుల నడుమ పుట్టిపెరిగినదాన్నే. ఆవుకు పైన ముందు పండ్లుండయి, గట్టి చిగురు ఉంటది, గడ్డిని నాలుకతోని చుట్టి, కింది పండ్లను ఆ చిగురుకు ఆనించి తెంపుతదని నాకు తెల్వదా? తెలుసు. నీ నవ్వు చూసి మరిచిపోయిన. కురుమూర్తి జాతరల ఎద్దును కొనేటోడు ముందుగాల కింది పెదవి ఒత్తి పండ్లే లెక్కపెడ్తడు. రెండు పండ్లేసిందా, నాలుగేసిందా, ఎనిమిది నిండినయా, వయసు అక్కడ తేలుతది, రేటు అక్కడ తెగుతది. నిన్నక్కడికి తోలుకపోయి నవ్వమంటే "ఇదేం ఆవు, గుర్రానికి మచ్చలు కొట్టుకొచ్చిండ్రు" అని ఎల్లగొడ్తరు.

నీ బూట్ల కథ మాత్రం మస్తు నడిచింది. రైతు పండుకున్నప్పుడు రబ్బరు బూట్లు ఎత్కపోయి నాలుగు కాళ్లకు తొడుక్కొని బురదల ఇరుక్కున్నవు గదా, ఆ పేజి ఇరవై సార్లు చదివించుకున్నరు. ఇరవై ఒకటో సారి లెక్క మొదలైంది. రైతుకు బూట్లు రెండే, మిగిలిన రెండు ఎవలియి? రైతు పెండ్లానియి అని ఒక చిన్నది తీర్పు చెప్పింది. బానే ఉంది. మరి బురదల బూట్లెందుకు అని ఇంకొకడు. "మా నాయిన కరిగట్ల దిగుతుంటే చెప్పులు గట్టు మీద ఇడుస్తడు." దీనికి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర ఉంటే రాయి.

ఇంకో పుస్తకంల నీకు పొదుగు ఉంది, పేరుకు ముందల మిస్టర్ అని ఉంది. దున్నపోతు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు అని మాకో సామెత. ఆ సామెతకు రంగులేసి అచ్చుకొట్టినోళ్లను ఇదే చూసుడు. పోనీ పొదుగన్న సక్కగ ఉందా అంటే, ఒక పేజిల మూడు చన్నులు, ఇంకో పేజిల అయిదు. నాలుగు దాంక లెక్క నేర్పడానికి పొదుగు కంటె మంచి వస్తువు నాకు ఇంకోటి దొరకదు తల్లీ, దాన్ని సుత ఆగం పట్టిచ్చినవు.

అన్నిటికంటె పెద్ద అనుమానం ఒకటుంది. అడిగింది అందరికంటె చిన్నది, ఇంక సక్కగ మాటలు సుత రావు. పుస్తకం ఈ చివరి నుంచి ఆ చివరి దాంక తిప్పింది. మల్ల తిప్పింది. "టీచల్, ఇది పెండ ఎప్పుడు పెడ్తది?"

సెంటర్ సెంటరే పడిపోయింది. ఆయా అయితే పొయ్యి మీది పప్పు ఇడిసి వచ్చి నవ్వింది. నీ బూట్లకు, టోపీకి, అద్దాలకు అందరికి కలిపి వచ్చిన నవ్వు ఒకెత్తు, ఆ ఒక్క ముక్కకు వచ్చిన నవ్వు ఒకెత్తు. నవ్వులు సల్లారినంక నేను సుత తిప్పి చూసిన. బొమ్మల పుస్తకాలు ఎక్కువ శాతం 32 పేజీలే ఉంటయి, పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి కోస్తే లెక్క అట్ల కుదురుతది. 32 పేజీలల్ల నువ్వు గడ్డి తిన్నవు, కేకు తిన్నవు, రైతు భార్య ఆరేసిన లంగా తిన్నవు. బయటికి మాత్రం ఏం రాలే. మా ఇండ్లల్ల ఆవు రోజుకు పది పన్నెండు సార్లు పెండ పెడ్తది. తెల్లారి లేస్తే ఆడోళ్ల మొదటి పని అదే, ఎత్తి, గంపల మోసి, పెంటకుప్పల ఏసి, వాకిట్ల సానుపు చల్లి, అప్పుడు చాయ్. మా అవ్వ ఇల్లు అలికి, గోడ అంచుకు జాజు పూసేది. ఎర్ర కొట్టం నీకొక్కదానికే ఉందనుకోకు. మీ దిక్కు ఎనకటి రైతులు కొట్టాలకు పూసిన ఎరుపూ ఇనుప తుప్పు నుంచి వచ్చిందేనంటరు, మా జాజూ ఇనుపమట్టే. గోడలు ఒక్కతీరే ఉన్నయి. నీ గోడ ఎనక మాత్రం పెండ ఎవలెత్తుతుండ్రో ఏ పేజిల సుత చూపెట్టలే.

నీ భాష సంగతికి వస్తే, నువ్వు "మూ" అంటవు. తండా పిల్లలకు ఇంట్ల లంబాడోళ్ల మాట గోర్‌బోలి, సెంటర్ల తెలుగు, నీ మూ మూడోది. మొన్న ఒక పెద్ద మేడం చూడనీకి వచ్చింది. నీ పుస్తకం చూసి సంబురపడి ఒక పిలగాన్ని దగ్గరికి పిలిచి "వాట్ డస్ ద కౌ సే?" అన్నది. నేను ఎనకనుంచి తెలుగుల అందించిన, ఆవు ఏమంటది బిడ్డా అని. వాడు మేడం మొఖం చూసి "ఏమనదు మేడం. ఆకలైతే ఒర్రుతది" అన్నడు. మేడం రాసుకుంది. ఏం రాసుకుందో ఇంక తెల్వలే.

మా ఊళ్లె నిన్ను అందరు "జెర్సీ" అంటరు, నలుపు తెలుపు మచ్చలున్న ఆవు ఏదైనా జెర్సీయే. నీకు బాధ కావచ్చు. జెర్సీది గోధుమ రంగు, అది ఇంగ్లీష్ ఛానెల్ల ఒక చిన్న దీవి ఆవు. నీ పుట్టిల్లు నెదర్లాండ్స్ పైభాగం, ఫ్రీస్‌లాండ్. హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అని పెద్ద పేరు, డాక్టర్లు హెచ్చెఫ్ అని పిలుస్తరు. ఇవన్నీ నేను చెప్పొచ్చు గానీ, పిల్లలు నిన్ను మొదటిసారి చూసినప్పుడు ఏమన్నరో తెలుసా? "పొడావు! పొడావు!" మా నల్లమల అంచున పొడ తూర్పు అని జాతి ఉంది, తెల్ల ఒంటి మీద ఎర్ర మచ్చలు. పొడ అంటే మచ్చే. దేశవాళీ జాతుల జాబితాల సుత ఎక్కింది. లంబాడోళ్లు మందలు మందలు సాకుతరు, ఈ అమ్రాబాద్ ఎడ్లంటే బురదల, ఎండల ఎంతకైన దున్నుతయని పాలమూరు రైతులు ఎగబడి కొంటరు. పాలు మాత్రం నీ అంత ఇయ్యవు, ఇయ్యాలని ఎవలూ అడగరు. అట్ల నిన్ను చూసి ఇంటి మనిషే వచ్చిందనుకున్నరు పిల్లలు. రంగు నలుపు ఉందేందంటే, ఒకడు నీ పక్షాన సర్ది చెప్పిండు, "ఎండకు మాడింది."

మీ గొర్రె గురించి రెండు ముక్కలు. అది మబ్బుతునక లెక్క ఉంది. మా దిక్కు నెల్లూరు గొర్రెకు ఉన్నియే ఉండదు, మేకకున్నట్టు వెంట్రుకలే. ఉన్ని ఉన్న దక్కని గొర్రె నల్లగుంటది, దాని ఉన్నితోనే గొంగడి. గొంగడి కప్పుకునే తాత ఉన్న పిల్లకు మీ గొర్రెను చూపిస్తే "ఇది దూదికుప్ప" అన్నది. పంది గురించి రాయను, దానికి మా ఊరి పందిని చూపిస్తే మూర్ఛపోతది.

ఇప్పుడు అసలు పంచాయితి. పదకొండు పుస్తకాలల్ల ఆవు ఉంది, గుర్రం ఉంది, బాతు ఉంది, గాడిద ఉంది. బర్రె లేదు. ఒక్క పేజిల లేదు, ఎనక దూరంగ చెరువుల మునిగి సుత లేదు. లోకంల ఉన్న బర్రెలల్ల సగానికి పైన మన దేశంలనే ఉన్నయి. 2019 పశుగణనల 10.98 కోట్లు లెక్క తేలినయి. మా పిల్లలు తాగే చాయ్‌ల పాలు బర్రెవి, పాలకేంద్రంల వెన్న శాతం చూసి పైసలు లెక్కగడితే నీ పాలకంటె ముందుండేది బర్రె పాలే. అయినా దాన్ని బొమ్మ గియ్యరు. మనోళ్లు సుత తక్కువేం కాదు. నిన్ను గోమాత అని దండం పెట్టి, బర్రె జాతిని యమునికి బండి చేసిండ్రు. తిట్టాలంటే దున్నపోతు, ఎవడన్న మాట వినకుంటే దున్నపోతు మీద వాన. పిల్లల పుస్తకంల అయినా దానికి ఒక నవ్వు ఇయ్యొద్దా?

నవ్వు అంటే గుర్తొచ్చింది. మా అత్త ఒకపారి కాలు ఇరిగి పదిరోజులు దవాఖానల ఉంది. ఇంట్ల బర్రె అత్త చెయ్యికి తప్ప ఇంకెవలికీ చేపదు, పొదుగుల పాలు దిగనియ్యదు. మా మామ కూసున్నడు, తన్నింది. నేను కూసున్న, తోక మొఖం మీద కొట్టింది. దుడ్డెను ఇడిసినం, దానికి చేపింది, నాకు చెయ్యి పెట్టంగనే ఎత్తుకుంది. రెండోనాడు తెల్లారి మామ, ఎవలూ చూడకుండ, అత్త పచ్చ చీర చుట్టుకొని, కొంగు నెత్తి మీదికి లాక్కొని, చేతికి ఆమె గాజులు సుత ఏసుకొని పోయి కూసున్నడు. బర్రె వెనక్కి తిరిగి చూసింది. శానసేపు చూసింది. మొఖం అటు తిప్పుకొని చేపింది. నమ్మింది కాదు, పోనీ పాపం అనుకుంది అంతే. ఆ పదిరోజులు మా మామ చీరల్నే పాలు పిండిండు, పాలకేంద్రం పిలగాడు బయట నుంచి "అమ్మా, పాలు" అంటే గొంతు సన్నం చేసి "వస్తున్న" అన్నడు.

ఈ ముచ్చట పిల్లలకు చెప్పిన రోజు నీ బూట్ల కథ మరిచిపోయిండ్రు. కోపం తెచ్చుకోకు.

నేను నీ మీద ఇన్ని రాసిన గానీ, ఒకటి నిజంగ ఒప్పుకోవాలె. నీ దగ్గర ఒక సుఖం ఉంది, మాకది ఎప్పుడూ దొరకలే. మా పుస్తకాలల్ల ఆవు నోరు తెరిస్తే ధర్మం చెప్తది. అనంతామాత్యుడు భోజరాజీయంల రాసిన ఆవు పులి కథ ఉంది గదా, దూడకు పాలిచ్చి తిరిగొస్తనని మాట ఇచ్చి, అన్నట్టే తిరిగొస్తది, పులి మనసు కరుగుతది. గొప్ప కథ, నేను చిన్నప్పుడు ఏడ్చిన. మొన్న చెప్పిన. పిల్లలు ఏడ్వలే. మాది అమ్రాబాద్ టైగర్ రిజర్వు పక్క ఊరు, 2,600 చదరపు కిలోమీటర్లకు పైన అడవి. పులి కనికరించి ఇడిసిపెట్టిందని చెప్పంగనే తండా పిలగాడు తల ఊపి "పులి ఇనదు టీచర్. మా లేగను ఎత్కపోయింది. ఫారెస్టోళ్లు ఫోటో తీసుకపోయిండ్రు" అన్నడు. ఆ కథల నీతి ఎక్కడ చెప్పాల్నో నాకు అర్థం కాక పుస్తకం మూసిన. నువ్వైతే ఏ నీతి చెప్పకుండ బురదల పడ్తవు, లేస్తవు, లంగా తింటవు, ఇంటికి పోతవు. మా జీవాలకు ఆ సెలవు ఎవలిచ్చిండ్రు? పంచతంత్రం కాలం నుంచి డ్యూటీలనే ఉన్నయి.

అందుకని ఒక పని చేసినం, నీకు చెప్పకుండ చేసినందుకు తిట్టుకోకు. నీ పెద్ద పుస్తకంల ఆఖరి పేజి ఉత్తగ తెల్లగ ఉంది గదా, దాంట్ల పిల్లలు పొయ్యి బొగ్గుతోని బర్రెను గీసిండ్రు. కొమ్ములు పేజి దాటి అట్ట మీదికి పోయినయి. దాని పక్క చీర కట్టుకున్న మనిషి ఒకరు, మీసాలు ఉన్నయి. బర్రె ఎనక ఒక పెద్ద గుండ్రం చుట్టి, ఎర్రమట్టి తెచ్చి రుద్దిండ్రు, అదేందో నీకు చెప్పాల్సిన పనిలే. తర్వాత అందరు కలిసి ముందు పేజీలకు పోయి, నీ ఎనక సుత పెట్టిండ్రు, 14వ పేజిల ఒకటి, 22వ పేజిల రెండు. లెక్క తక్కువే ఉంది, రేపు ఇంక పెడ్తమన్నరు.

పుస్తకం మూసినప్పుడు బర్రె పేజి నీ మీదికే వస్తది. జడుసుకోకు. జర పక్కకు జరుగు, దానికి నీళ్లు కావాలె.

ఇట్లు,
నీ టీచరమ్మ