ఊపే ఇన్‌స్పెక్టర్లకు గుర్తింపు కార్డులివ్వాలి

ములుగు జిల్లా లక్నవరం చెరువు మీద వేలాడే వంతెనెక్కి గెంతేవాళ్ళను అందరూ తిట్టుకుంటారు. అన్యాయం. వాళ్ళు ఆకతాయిలు కారు, జీతం లేని సేఫ్టీ ఇన్‌స్పెక్టర్లు. తమ ప్రాణాలతో, కుదిరితే పక్కవాళ్ళ ప్రాణాలతో కూడా వంతెనను పరీక్షిస్తున్న ఈ వర్గానికి ప్రభుత్వం వెంటనే గుర్తింపు కార్డులివ్వాలని నా డిమాండ్.

వేలాడే వంతెన మీద అడుగులన్నీ ఒకే లయలో పడితే ఊపు పెరుగుతూ పోతుంది. లండన్‌లో 2000లో తెరిచిన మిలీనియం వంతెన, జనం మామూలుగా నడిచినందుకే ఊగింది. రెండు రోజులకే మూసేసి, ఊపును అణిచే డ్యాంపర్లు బిగించి, 2002లో మళ్ళీ తెరిచారు. ఎందుకొచ్చిన ఖర్చు? ఆదివారం ములుగు జిల్లాకు దిగే ఒక్క తుఫాన్ బండి కుర్రాళ్ళను ముందే పిలిపించుకుంటే ప్రారంభోత్సవానికి ముందే సంగతి తేలిపోయేది.

తనిఖీ ఎప్పుడూ నట్టనడుమే జరుగుతుంది. ఒకడు తీగ పట్టుకుని మోకాళ్ళు వంచుతాడు, ఇంకొకడు ఫోన్ పైకెత్తుతాడు.

"అరేయ్, ఊపకురా, కళ్ళు తిరుగుతున్నయ్!"

"ఏం కాదక్కా, రీల్ తీస్తున్న."

వెనకాల నానమ్మ, మేడారం దగ్గరే కాబట్టి, అక్కడికక్కడే సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కేస్తుంది. (అక్కడ బంగారమంటే మనిషి బరువంత బెల్లమే లెండి. అయినా నానమ్మ బరువు తక్కువేం కాదు.)

నష్టపోయింది మాత్రం కాకతీయులు. 13వ శతాబ్దంలో గుట్టల నడుమ కట్ట పోసి ఇంత చెరువును నిలబెట్టారు. ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది. ఏం లాభం, కట్ట ఊగదు! ఊగనిదానికి లైకులెక్కడివి? అందుకే దానికి వీపు చూపించి సెల్ఫీ దిగుతారు.

తిండి దగ్గరా తనిఖీ తప్పదు. బొంగు చికెన్‌కు మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె లేకుండానే, వెదురు తేమలో ముక్క మగ్గుతుంది. బొంగు నల్లబడేదాకా ఓపిక పట్టాలి. మన ఇన్‌స్పెక్టర్‌కు అంత టైమ్ లేదు. కర్చీఫ్ చుట్టి బొంగు అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల ముక్కలెన్నో తేలాలి కదా.

"ఊపకుండ్రి సార్, మూతికి ఆకులే ఉన్నయ్. రసం కారిపోతది."

"అంటే గ్రేవీ ఉన్నట్టే! ఇంకో రెండు చపాతీలు చెప్పన్నా."