లేఆఫ్ లిస్టులో ఉండేది పనిరానివాళ్లేనా?

పోయిన వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్ద బావగారు ఒక మెసేజ్ పెట్టారు. మీకూ వచ్చే ఉంటుంది. "పని వచ్చినవాణ్ణి ఏ కంపెనీ వదులుకోదు. నష్టాలొస్తే పనికిరానివాళ్లను తీసేస్తుంది, అంతే. నిజంగా స్కిల్ ఉంటే నెల తిరక్కుండా ఇంకో ఉద్యోగం. అయినా లక్షల్లో తీసుకున్నారుగా, ఎందుకంత ఏడుపు?" దాని కింద వరసగా బొటనవేళ్లు. గ్రూపులో జవాబిస్తే రేపు పెళ్లిలో మొహం తప్పించుకు తిరగాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, పని వచ్చినవాణ్ణి వదులుకోరన్నమాట. అమెరికాలో సర్క్యూట్ సిటీ అని ఊరూరా షోరూములున్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఉండేది. 2007 మార్చిలో 3,400 మంది షోరూమ్ సిబ్బందిని ఒక్కసారిగా తీసేసింది. కారణం దాచనైనా లేదు: వీళ్ల జీతాలు మార్కెట్ రేటు కంటే ఎక్కువట. మంచి జీతం దాకా ఎదగడమే వాళ్ల తప్పయింది. ఆ స్థానాల్లో తక్కువకొచ్చేవాళ్లను పెట్టుకున్నారు. 2008 నవంబరులో కంపెనీ దివాలా తీసింది, 2009 మార్చికి షాపులన్నీ మూతపడ్డాయి. దివాలాకు ఇదొక్కటే కారణమని అనను, అప్పుడు మాంద్యం కూడా ఉంది. కానీ ఆ లిస్టు రాసింది పనితనం చూసి కాదు.

మన దగ్గరా అంతే. జీతమెంత, ఏ బ్యాండు (హోదా స్థాయి), ప్రాజెక్టులో ఉన్నాడా, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నాడా అనేవి ముందు చూస్తారు. 2025 జూన్‌లో టీసీఎస్ కొత్త రూలు పెట్టింది: ఏడాదికి 225 రోజులు క్లయింటు డబ్బు కట్టే పనిలో ఉండాలి, బెంచ్ 35 రోజులు దాటకూడదు. జులైలో రెండు శాతం, అంటే 12 వేల పైచిలుకు ఉద్యోగాలు తగ్గిస్తామంది. ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్లవి. అవసరమైన నైపుణ్యాలు కుదరక, కొందరిని కొత్త పనుల్లో పెట్టలేకపోతున్నామని సీఈఓ కృతివాసన్ చెప్పారు. అందులో కొంత నిజముంది, నేర్చుకోవడం మానేసినవాళ్లను నేనూ చూశాను. కానీ క్లయింటు బడ్జెట్ కోసుకుంటే బెంచ్ మీద పడేది ఎవరి తప్పు? పదిహేనేళ్లు ఒకే టెక్నాలజీలో కూర్చోబెట్టింది ఎవరు?

నేను పనిచేసిన ఒక కంపెనీలో మెయిన్‌ఫ్రేమ్ అనే పాత తరం పెద్ద కంప్యూటర్ల మీద పదహారేళ్లుగా పనిచేస్తున్న ఒకాయన ఉండేవాడు. అందరికీ ఆయన అన్నే. ఒకరోజు పదకొండింటికి చిన్న మీటింగ్ రూముకు పిలిచారు. ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి నా సీటు దగ్గర నిలబడి, "నీ దగ్గరున్న నా ఛార్జర్ ఇచ్చెయ్ తమ్ముడూ, అది కూడా లెక్క అడుగుతున్నారు" అన్నాడు. వెనక సెక్యూరిటీ అతను. ఆ నెలాఖరున రాత్రి రెండింటికి, దానంతటదే నడవాల్సిన బ్యాచ్ జాబ్ ఆగిపోయింది. ఎవరికీ అంతు పట్టలేదు. అన్నకు ఫోన్ చేసే మొహం లేక మేనేజర్ నాతో చేయించాడు. అన్న రెండో రింగుకే ఎత్తాడు. "ఫైల్ చివర ఖాళీ లైను ఉందేమో చూడు." ఉంది.

నష్టాల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 2023 జనవరిలో 12 వేల మందిని తీసేస్తున్నామని గూగుల్ ప్రకటించింది. అంతకుముందు ఏడాది దాని మాతృసంస్థ లాభం దాదాపు 6,000 కోట్ల డాలర్లు. టీసీఎస్ అయితే పై ప్రకటన చేసిన నెలలోనే ఒక్క త్రైమాసికానికి 12,760 కోట్ల రూపాయల లాభం చూపించింది.

ఇక నెలలో ఇంకో ఉద్యోగం. ఈ నమ్మకం 2021-22లో పుట్టింది. అప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాడి చేతిలో మూడు ఆఫర్లుండేవి. ఆఫర్ పెట్టుకుని మానేసినవాడు వేరు, తీసేశాక వెతుక్కునేవాడు వేరు. లాస్ట్ వర్కింగ్ డే దాటిపోయిందని తెలిసిన నిమిషం నుంచే బేరం మొదలవుతుంది. అన్నకు ఏడు నెలలు పట్టింది, అదీ పాత జీతంలో మూడో వంతు వదులుకుని. ఆయనొక్కడి కథ కాదిది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆరేళ్లు, ఆపైన ఒకేచోట పనిచేసి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ల లెక్కలు తీసి ముగ్గురు ఆర్థికవేత్తలు 1993లో ఒక పత్రం ప్రచురించారు. ఐదేళ్లు దాటాక కూడా వాళ్ల ఆదాయం రావాల్సినదానికి దాదాపు 25 శాతం తక్కువే. అమెరికాలో హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీదున్న మన పిల్లల టెన్షన్ ఇంకో రకం. ఉద్యోగం పోయాక వాళ్లకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి.

చివరికి ఆ లక్షల జీతం. అది ఆగిపోతే ఆసరా ఏముంది? నిరుద్యోగులకు 90 రోజుల దాకా సగం జీతమిచ్చే అటల్ బీమిత్ పథకం ఒకటి ప్రభుత్వం తెచ్చింది, కానీ అది ఈఎస్ఐ (చిన్న జీతాలవాళ్ల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకే. ఈఎస్ఐకి నెల జీతం పరిమితి 21 వేలు. అంటే హోమ్ లోన్ ఈఎంఐ కట్టే టెకీకి అది లేదు. చట్టం ప్రకారం కార్మికుణ్ణి తొలగిస్తే నెల నోటీసు, సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. మేనేజర్ హోదా ఉంటే అదీ వర్తించదు. వర్తించేవాళ్ల విషయంలో కంపెనీలు తప్పించుకునే దారి ఒకటి కనిపెట్టాయి: "మీరే రిజైన్ చెయ్యండి, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం." ఆ చిన్న గదిలో అన్న ముందు పెట్టిన కాగితం అదే. కాబట్టి కంపెనీ రికార్డు ప్రకారం ఆయన్ను ఎవరూ తీసెయ్యలేదు. కారణం అని ఉన్న గడిలో "వ్యక్తిగతం" అని రాసి ఉంది.