సవరణ: ఆభా నంబర్ ఉంటే రికార్డులన్నీ వాటంతటవే రావు

ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబర్) తీసుకుంటే మన వైద్య రికార్డులన్నీ ఒకేచోట ఉంటాయని మొన్నటి పోస్టులో ఉంది. ఆ వాక్యానికి వివరణ అవసరం.

2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల నంబర్ ఇది. రికార్డులన్నీ ప్రభుత్వ సర్వర్‌లో పోగుపడవు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. ఆభా వాటిని కలిపే దారం మాత్రమే. వేరే డాక్టరు చూడాలంటే మన ఫోన్‌కి అనుమతి అడుగుతూ రిక్వెస్ట్ వస్తుంది. ఏవి చూపాలో, ఎన్నాళ్లు చూపాలో మనమే నిర్ణయించవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. ఆసుపత్రి ఈ వ్యవస్థలో చేరకపోతే ఏమీ రాదు. పాత కాగితాలను మనమే స్కాన్ చేసి ఆభా యాప్‌లో పెట్టుకోవాలి.

ఆ పని తప్పక చేయమంటాను, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ల విషయంలో. కిడ్నీ పనితీరు తెలియడానికి ఇవాళ్టి క్రియాటినిన్ (రక్తపరీక్షలో వచ్చే అంకె) ఒక్కటే చాలదు, గత రెండు మూడేళ్ల అంకెలు పక్కన ఉంటేనే అది పెరుగుతోందో లేదో డాక్టరుకు అర్థమవుతుంది. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీకి మంచివి కావు కాబట్టి, అది చూశాకే వాటిని రాయాలా వద్దా అన్నది తేలుతుంది. పెన్సిలిన్ పడని మనిషి స్పృహ లేకుండా ఆసుపత్రికి వస్తే ఆ సంగతి చెప్పేదెవరు? అందుకే ఇంట్లో మరొకరి ఫోన్‌లోనూ ఆ వివరాలు ఉంచండి.

ఇంకొకటి: ఆభా, ఆయుష్మాన్ కార్డు ఒకటి కావు. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల వరకు ఉచిత చికిత్స ఇచ్చేది ఆయుష్మాన్ కార్డు. ఆభాతో డబ్బు సాయం రాదు.